ఎదురుగోడ పరీక్ష

నర్సీపట్నం,
01-10-2002.

శ్రీయుత మండల విద్యాధికారి గారి సముఖమునకు,

గెడ్డవీధి మండల ప్రజాపరిషత్ ప్రాథమిక పాఠశాల ఇన్‌ఛార్జి ప్రధానోపాధ్యాయిని కె. మంగాదేవి, ఎం.ఏ., బి.ఇడి., వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా పాఠశాలలో నాలుగు, ఐదు తరగతుల క్వార్టర్లీ పరీక్షలు తారుమారైన సంగతి – నాలుగో తరగతి విద్యార్థిని కుమారి లోవలక్ష్మికి దసరా సెలవులకు ముందే తమరు స్వయంగా పరీక్ష పెట్టి, తగినదైతే ఐదో తరగతిలో చేర్చుటకు అనుమతి కోరుట – గురించి.

అసలు మనవి కంటే ముందు ఒక ప్రశ్న వ్రాయుటకు అనుమతించగలరు. ఉద్యోగంలో చేరిన మొదటి టర్ము నుంచి ఇది నా వెంట ఉన్నది. టర్ము ఆఖరున మేము పంపే నివేదికలో ప్రతి సబ్జెక్టు ఎదుట 'పోర్షన్ పూర్తి అయినది' అని వ్రాసి సంతకం పెడతాము. పూర్తి చేసినది ఎవరు? చెప్పినదానను కనుక నేనా? నేర్చుకోవలసినవాళ్ళు కనుక పిల్లలా? నేను చెప్పి, వాళ్ళకు రాకపోతే పూర్తి అయినట్టా, కానట్టా? నేను పక్క తరగతికి చెబుతుండగా ఒక పిల్ల తనంతట తాను నేర్చేసుకుంటే, అది ఏ గడిలో వ్రాయాలి?

ఆంధ్రా యూనివర్సిటీలో నేను తత్వశాస్త్రం చదివాను. ఆ చదువు ఉద్యోగంలో సందేహపడడానికి తప్ప మరి దేనికీ అక్కరకు రాలేదు. ఇన్నేళ్ళూ ఆ ప్రశ్నను పక్కకు నెట్టి సంతకం పెడుతూ వచ్చాను. ఈ టర్ము పెట్టలేకపోతున్నాను. కారణములు ఈ దిగువ మనవి చేసుకొనుచున్నాను.

1. మా పాఠశాలకు గదులు రెండు. చిన్న గదిలో ఒకటి నుంచి మూడు తరగతుల వరకు రామాయమ్మ గారు చూసుకుంటారు. పెద్ద గదిలోని నాలుగు, ఐదు తరగతులు నావి. నాలుగు వాళ్ళు తూర్పు గోడకు ఎదురుగా, ఐదు వాళ్ళు పడమటి గోడకు ఎదురుగా, ఒకరికొకరు వీపులు పెట్టి కూర్చుంటారు. తూర్పు బోర్డు నాలుగుది, పడమటి బోర్డు ఐదుది. ఒక తరగతికి లెక్కలు ఇచ్చి, రెండో తరగతికి పాఠం చెప్పడం మా పద్ధతి. పిల్లలు వెనక్కి తిరిగితే నేను ఊరుకోను. అందుకని ఎవరూ తిరగరు. అయితే వినడానికి తిరగనక్కరలేదు. ఇంత చిన్న సంగతి ఇన్నేళ్ళుగా నాకు తట్టలేదు.

2. జూన్ నుంచి సెప్టెంబరు లోపల ఐదో తరగతికి నేను చెప్పవలసినవి: లెక్కలలో క.సా.గు., గ.సా.భా., భిన్నాలు, దశాంశాలకు మొదలు. తెలుగులో పద్యాలు, రెండు కథలు, సెలవు కోరుతూ ఉత్తరం. పరిసరాల విజ్ఞానంలో మన దేశం, దాని నదులు, నీరు ఆవిరై మబ్బై తిరిగి వాన కావడం, తిన్న అన్నం కడుపులో ఏమవుతుందన్నది. ఇంగ్లీషులో అక్షరాలు, చిన్న చిన్న మాటలు. నాలుగో తరగతికి పెద్ద భాగాహారాలు, మన రాష్ట్రం, మొక్క భాగాలు, తెలుగులో మరికొన్ని పద్యాలు. నాలుగుకు ఇంగ్లీషు లేదు, అది ఐదులోనే మొదలు.

ఈ నెలల్లోనే నాకు పడిన ఇతర డ్యూటీలు: పోలియో చుక్కలు, బడిమానేసిన పిల్లల సర్వే, రేషను కార్డుల విచారణ, ఓటర్ల జాబితా సవరణ. బడిమానేసిన పిల్లలను లెక్కపెట్టడానికి, బడికి వచ్చిన పిల్లలను వదిలి వెళ్ళాను. అన్నం చిన్నపేగుల దాకా వచ్చిన రోజున నన్ను సర్వేకు పిలిచారు. తిరిగి వచ్చాక ఐదో తరగతి నాగబాబు లేచి నిలబడి అడిగాడు: "టీచరండీ, మనన్నం ఇంకా అక్కడే ఉందాండి?" గది గదంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇది ఫిర్యాదుగా వ్రాయడం లేదు. డ్యూటీలు అందరికీ పడుతున్నాయి. తర్వాత జరిగినది అర్థం కావడానికి మాత్రమే వ్రాస్తున్నాను.

3. పరీక్షల రోజుల్లో కూడా నాకు ఓటర్ల జాబితా డ్యూటీ ఉన్నందున, పెద్ద గది బాధ్యత విద్యా వాలంటీరు జాన్ పాల్‌కు అప్పగించడమైనది. అతడు ఇంటర్ పాసైన కుర్రవాడు, నెమ్మదస్తుడు. చేరి నెల కాలేదు, అంతవరకు చిన్న గదిలోనే ఉండేవాడు. మాకు అచ్చువేసిన ప్రశ్నాపత్రాలు తరగతికి ఒకటే వస్తాయి. కనుక ముందురోజు పిల్లలు వెళ్ళిపోయాక ప్రశ్నలు బోర్డుల మీద నేను వ్రాసి పెట్టేదానను. ఏ బోర్డు ఏ తరగతిదో పైన వ్రాయలేదు. ఎన్నడూ వ్రాసింది లేదు. మా బడిలో అడుగుపెట్టిన ఒకటో తరగతి పిల్లకు కూడా తూర్పంటే నాలుగని తెలుసు.

జాన్ పాల్‌కు తెలియదు. పరీక్షలప్పుడు విద్యార్థులను రోజూ కూర్చునే స్థలములందు కూర్చోబెట్టరాదని వచ్చిన సర్క్యులరు అతడు శ్రద్ధగా చదివాడు. చదివి, "ఇటువాళ్ళు అటు, అటువాళ్ళు ఇటు" అన్నాడు. పిల్లలు పలకా సంచీ పట్టుకుని లేచి మారిపోయారు. అప్పటి నుంచి పరీక్షలు జరిగినన్ని రోజులూ నాలుగో తరగతి వాళ్ళు ఐదో తరగతి ప్రశ్నలకు, ఐదో తరగతి వాళ్ళు నాలుగో తరగతి ప్రశ్నలకు జవాబులు వ్రాశారు. నేను సాయంత్రం వచ్చేసరికి పేపర్లు కట్టలు కట్టి బీరువాలో ఉండేవి. మర్నాటి ప్రశ్నలు వ్రాసి ఇంటికి పోయేదానను. అన్నీ అయ్యాక ఒకేసారి దిద్దుదామనుకున్నాను.

4. ఆఖరి రోజు ఇంగ్లీషు. ఆ రోజున డ్యూటీ తొందరగా ముగిసి, పరీక్ష నడుస్తుండగానే బడికి వచ్చాను. పరీక్ష లేని నాలుగో తరగతి వాళ్ళను బొమ్మలు వేసుకోమని తూర్పు బోర్డు మీద వ్రాసి ఉంచాను. వచ్చి చూస్తే ఐదో తరగతి వాళ్ళంతా హాయిగా బొమ్మలు వేసుకుంటున్నారు. నాగబాబు ఆర్టీసీ బస్సు వేస్తున్నాడు. అద్దాలు, నిచ్చెన, పైన మూటలు, ముందు 'కొయ్యూరు' అన్న బోర్డు, ఏదీ వదలలేదు. అటుపక్క, ఇంగ్లీషు అక్షరం బోర్డు మీద ఎన్నడూ ఎదురుగా చూడని నాలుగో తరగతి వాళ్ళు తలలు వంచుకుని ఇంగ్లీషు పరీక్ష వ్రాస్తున్నారు. కొందరు కళ్ళనీళ్ళు పెట్టుకుని కూడా వ్రాస్తున్నారు.

ఇన్ని రోజులూ ఎందుకు చెప్పలేదురా అని ఐదు వాళ్ళను అడిగాను. నాగబాబే జవాబు చెప్పాడు. "సారు మారమన్నారండి. పెశ్నలు ఈజీగా ఉన్నాయి. ఈజీగా ఉంటే ఎవరైనా సెప్తారేటండి?" నాలుగు వాళ్ళను అడిగితే ఒక పిల్ల నెమ్మదిగా అంది: "పరీచ్చంటే కస్టంగానే ఉంటాది కదా అనుకున్నామండి."

అయ్యా, మనకు రానివే అడుగుతారని, అడగడమంటే అదేనని పదేళ్ళకే వాళ్ళకు తెలిసిపోయింది. ఆ పాఠం ఏ పోర్షన్‌లోనూ లేదు. దానిని మాత్రం మేము సంపూర్తిగా చెప్పినట్టున్నాము.

జాన్ పాల్ సర్క్యులరు కాగితం తెచ్చి చూపించాడు. అందులో ఉన్నది అతడు చేశాడు. అతని తప్పు వెతకవద్దని మనవి.

5. ఇక అసలు సంగతి. లోవలక్ష్మి ఎస్. రాయవరం మండలంలో సముద్రపు ఒడ్డు ఊరి పిల్ల. తండ్రి ఎల్లాజీ వేటకు వెళతాడు. పోయిన ఏడాది అక్కడి బడిలో నాలుగు చదువుతుండగా, తల్లి రొయ్యల షెడ్డుకు పనికి పోవలసి వచ్చి, చంటిబిడ్డను చూసుకోవడానికి ఈ పిల్లను సగంలో ఆపేశారు. చాలాకాలం రానందున బడిలో పేరు కొట్టేశారు. ఈ జూన్‌లో అమ్మమ్మ సోమలమ్మ పట్టుబట్టి మనవరాలిని నర్సీపట్నం తెచ్చుకుంది. సోమలమ్మ ఇక్కడి సంతలో ఎండుచేపలు అమ్ముతుంది. పిల్లకు టి.సి. లేదు, నాలుగు పూర్తి చేసిన దాఖలా లేదు. నిబంధనల ప్రకారం నాలుగో తరగతిలో చేర్చుకున్నాను. అందులో తప్పు లేదనే ఇప్పటికీ నా నమ్మకం.

వచ్చిన కొత్తలో పిల్లలు దాని దగ్గర చేపల వాసన వస్తోందని దూరం జరిగారు. జరిగీ జరిగీ అది తన తరగతి చివర, ఐదు వాళ్ళ వీపులకు ఆనుకునేటంత వెనక్కి చేరింది. నేను గమనించాను. పోనీలే, అక్కడైనా కుదురుగా కూర్చుంది అనుకున్నాను.

6. మొన్నటి సంతరోజున ఎల్లాజీ అత్తగారికి సరుకు దింపడానికి వచ్చి, బడికి కూడా వచ్చాడు. గుమ్మం బయటే చెప్పులు విడిచి నిలబడ్డాడు. వెనకాల సోమలమ్మ.

"టీసరమ్మగారూ, మా పిల్ల ఎలా సదూతందండి?"

బాగా చదువుతోందని చెప్పాను.

"ఐదులోనే ఉంది గదండీ?"

సోమలమ్మ అతని వెనక నుంచి నాకు రెండు చేతులూ జోడించింది. అల్లుడికి ఆమె ఐదని చెప్పిందని అప్పుడు నాకు అర్థమైంది. నేను ఔననలేదు, కాదనలేదు. మళ్ళీ, బాగా చదువుతోందనే చెప్పాను. అతడు నా మొహంలోకి కాసేపు చూశాడు.

"ఏటంటే టీసరమ్మా, పోయినేడు నాలుగు. ఈ యేడూ నాలుగే అనుకోండి, దానికి సదువు అంటనట్టే గదా. అంటందానికి ఊరుగాని ఊర్లో దాన్నెందుకు ఉంచడం? మాయావిడకి సాయముంటాది. ఐదంటారా, ఉంచుతాను. ఐదయితే పెద్దబడి, ఆస్టలు, ఎంతదాకా పోతే అంతదాకా. నాను మాటంటే మాటే. పండక్కి తీసుకెళ్ళడానికొస్తాను, అప్పుడు మార్కుల కారడు సూపింతురుగాని."

చదవడం వచ్చునా అని అడిగాను. సిగ్గుపడకుండా నవ్వాడు. "అచ్చరాలు రావండి. అంకెలొస్తాయి. మా పడవ నెంబరులో ఐదుంది."

అతడు చెడ్డవాడు కాదు అయ్యా. అతడు అడిగిన దానిలో నాకు తప్పు కనిపించలేదు. పిల్లకు చదువు వస్తోందో రావడం లేదో తెలుసుకోవడానికి అతని చేతిలో ఉన్న కొలత ఆ ఒక్క అంకె. మన చేతిలో మాత్రం అంతకంటే మంచిది ఏమున్నది?

అతడు వెళ్ళాక సోమలమ్మ ఒక్కతే తిరిగి వచ్చింది. కొంగుతో మొహం తుడుచుకుంది. "కారడు మీద అయిదంకె ఏసీయమ్మా తల్లీ. పాపమైతే నాకు సుట్టుకుంటాది, నీకు రాదు." కుదరదన్నాను. ఉద్యోగం పోతుందని కాదు, అబద్ధమని. ఆ రోజున అది అబద్ధమే. పరీక్ష పేపర్లు నేను ఇంకా దిద్దలేదు.

7. దిద్దాను. నాలుగో తరగతి పిల్లలు చాలామంది ఐదో తరగతి ప్రశ్నలకు బోల్తా పడ్డారు. అందులో వింత లేదు. లోవలక్ష్మి అన్ని సబ్జెక్టులలోను పాసైంది. గొప్పగా కాదు. మన దేశంలో నదులు కలగలిపేసింది. పద్యం ఒకటి సగంలో ఆగింది. క.సా.గు. మూడు లెక్కలూ చేసింది. ఇంగ్లీషులో తన పేరు వ్రాసింది, ఒక అక్షరం తలకిందులుగా; అక్షరాలు బడి విడిచాక ఐదు వాళ్ళ పుస్తకాల్లో చూసి దిద్దుకుందట. సెలవు కోరుతూ ఉత్తరం వ్రాయమంటే, చంటిబిడ్డను చూసుకోవాలి కాబట్టి సెలవు కావాలని వ్రాసి, కింద 'మళ్ళీ వస్తాను' అని వ్రాసింది. ఉత్తరాలకు నేను బోర్డు మీద ఇచ్చిన నమూనాలో ఆ చివరి వాక్యం లేదు.

నీరు వాన కావడం గురించి వ్రాసినది ఉన్నదున్నట్టు దింపుతున్నాను: 'సముద్రం నీరు ఎండకి లెగిసి మబ్బు అవుద్ది. మబ్బు కొండలకాడికొచ్చి సల్లబడి వాన అవుద్ది. వాన నీరు ఉప్పగా ఉండదు. ఎందుకో టీచరు సెప్పలేదు.'

చెప్పలేదు. నిజమే. చెప్పవలసిన రోజున నేను రేషను కార్డుల విచారణలో ఉన్నాను.

ఈ ఫలితం చూసి సంతోషించి ఊరుకుంటే నాకు ఈ బాధ లేదు. పిల్లను విడిగా పిలిచి, ఎనిమిది, పన్నెండు ఇచ్చి క.సా.గు. కట్టమన్నాను. ఇరవై నాలుగు వేసింది. ఇది ఎందుకు చేస్తామే అని అడిగాను. "ఐదు వోళ్ళకి ఇస్తారు గదండీ, అందుకు" అంది. ఇది నేర్చుకోవడమా, వినికిడా? నాగబాబును పిలిచి అదే అడిగాను. "సెయ్యకపోతే మీరు కొడతారనండి" అన్నాడు. ఇంటికి పోయి నన్ను నేను ప్రశ్నించుకున్నాను. భిన్నాలు కూడేటప్పుడు అవసరమని చెప్పగలను. ఆ భిన్నాలు ఎందుకంటే ఏమి చెప్పాలో కాసేపు తోచలేదు. మేము ముగ్గురమూ క.సా.గు. కట్టగలవాళ్ళమే. ఎవరికి వచ్చినట్టు?

రామాయమ్మ గారితో ఈ గోడు చెప్పుకుంటే ఆవిడ విసుక్కున్నారు. "సదువెక్కువైతే ఇంతేనండి మంగాదేవిగారూ. మా సందులో కుక్కపిల్లకి కూడా ఆ పిల్ల తెలివైందని తెలుసు. మీకే ఇంకా విచారణ కావాలి. ఐదేసి పారేయండి, బేగి పనవుద్ది." ఆవిడంత తేలిగ్గా ఉండగలిగితే నేను ఈ అర్జీ వ్రాయవలసిన పని ఉండేది కాదు.

8. నాగబాబు సంగతి కూడా తమకు విన్నవించక తప్పదు. దాచిపెడితే ఈ అర్జీలో సగమే నిజం ఉంటుంది. ఐదో తరగతి పిల్లలు నాలుగో తరగతి ప్రశ్నలలో చాలావరకు పాసయ్యారు. నాగబాబు పాసవలేదు. మన రాష్ట్రం అన్న పాఠంలో ఒక్క జవాబూ సరిగా లేదు. భాగాహారాలు మధ్యలో వదిలేశాడు. ఆ పాఠాలు పోయిన ఏడాది అతనికి నేనే చెప్పాను. 'పోర్షన్ పూర్తి అయినది' అని సంతకమూ నేనే పెట్టాను.

ఇప్పుడు నా వాదన తమరే చూడండి. ఐదో తరగతి ప్రశ్నలకు జవాబు వ్రాసింది కనుక లోవలక్ష్మి ఐదుకు తగినదని నేనంటే, నాలుగో తరగతి ప్రశ్నలకు వ్రాయలేకపోయిన నాగబాబు నాలుగుకు పోవాలి. ఒకే గది, ఒకే సుద్దముక్క, ఒకే దిద్దుబాటు. అతని తల్లి కామమ్మ వచ్చే ఏడు కొడుకు హైస్కూలుకు వెళతాడని వీధి వీధంతా చెప్పుకుంది. వాడు బస్సు బొమ్మలో కండక్టరు చెవి వెనక పెన్సిలు కూడా వేశాడు. దానికి మార్కులు ఎక్కడ వేయాలో నాకు గడి దొరకలేదు. వాడిని వెనక్కి పంపమని నా చెయ్యి వ్రాయదు. లోవలక్ష్మిని ముందుకు పంపమని వ్రాయక ఆగలేదు. న్యాయం ఒకవైపే పనిచేయాలని అడుగుతున్నానని తెలిసే అడుగుతున్నాను.

9. తారుమారైన పరీక్ష రద్దు చేసి, దసరా సెలవుల తరువాత మళ్ళీ పెట్టవలసి ఉంటుందని తోటి ఉపాధ్యాయులు చెప్పుచున్నారు. అదే నిబంధన అయితే అందరికీ అది న్యాయమే. కానీ సెలవుల తరువాత లోవలక్ష్మి ఉండదు. శనివారం బడి మూసేలోగా ఎల్లాజీ వస్తాడు. కార్డు మీద నాలుగు చూస్తాడు. పిల్లను పండగకని తీసుకుపోతాడు, ఇక పంపడు. తరువాత మనం ఎంత న్యాయంగా పరీక్ష పెట్టినా వ్రాయడానికి ఆ పిల్ల ఉండదు. ఐదు పాసైతే ఆరో తరగతికి మిషన్ బాలికల హాస్టల్లో చోటు ఇస్తానని వార్డెను పరిమళ గారు నాకు మాట ఇచ్చారు. ఆరో తరగతి లోపు పిల్లలను అక్కడ చేర్చుకోరు. దారి అక్కడి దాకా కనబడుతున్నది. మధ్యలో ఈ ఒక్క అంకె అడ్డుగా ఉన్నది.

కావున తమరిని ప్రార్థించునది ఏమనగా:

రేపు గాంధీ జయంతి సెలవు గనుక, గురువారమో శుక్రవారమో తమరు స్వయంగా మా పాఠశాలకు దయచేసి, కుమారి లోవలక్ష్మికి ఏ ప్రశ్నలు తోస్తే ఆ ప్రశ్నలు వేసి చూడవలెను. నేను గది బయట ఉంటాను. తగినదని తోస్తే ఐదో తరగతిలో చేర్చుటకు వ్రాతపూర్వకముగా అనుమతి ఇవ్వవలెను. మధ్యలో తరగతి మార్చే అధికారం తమకు ఉన్నదో, పైవారికి ఉన్నదో నాకు స్పష్టంగా తెలియదు. పైవారికే అయితే ఒక ముక్క వ్రాసి నా చేతికివ్వండి, శుక్రవారమే బస్సెక్కి విశాఖపట్నం తీసుకుపోతాను. తగనిదని తోస్తే ఆ మాట కూడా తమ చేత్తోనే వ్రాయవలెను. నేను వ్రాయలేను.

నాగబాబును, మిగిలిన ఐదో తరగతి పిల్లలను ఉన్నచోటనే ఉంచవలెను.

జాన్ పాల్‌ను తొలగించవద్దు. చర్య తీసుకోవలసి వస్తే బోర్డు మీద తరగతి పేరు వ్రాయని నా మీద తీసుకోవలెను.

ఈ టర్ము నివేదికలో 'పోర్షన్ పూర్తి అయినది' అన్న చోట సంతకం పెట్టకుండా పంపుచున్నందుకు మన్నించవలెను.

అయ్యా, వ్రాసినదంతా తిరిగి చదువుకున్నాను. ఇంత వ్రాశాక కూడా ఒకటి తేలలేదు. ఆ పిల్ల ఐదో తరగతికి తగినది గనుక అడుగుతున్నానా, అడగకపోతే పోతుంది గనుక తగినదని అనుకుంటున్నానా? ఉద్యోగినిగా మొదటిది చెప్పాలి. నిజంగా నాకు రెండోదే ముందు తోచింది. పేపరు దిద్దేటప్పుడు, సగంలో ఆగిన పద్యానికి నేను వేసిన మార్కులు మరో పిల్లకైతే వేసేదాననో కాదో ప్రమాణం చేయలేను. అందుకే నా దిద్దుబాటును నమ్మవద్దని, తమరే రావాలని ఇంతగా వేడుకుంటున్నాను.

ఎల్లాజీ బడి గుమ్మంలో చెప్పులు విడవక ముందే, తమ తీరిక కొద్దీ కాక ఆ పిల్ల గడువు కొద్దీ, ఈ అర్జీని చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు,
కె. మంగాదేవి.

తాజా కలము: ఈ అర్జీ జాన్ పాల్ చేతికిచ్చి పంపబోతూ, ఇంతసేపూ అందరి మాటా వ్రాశాను గాని ఆ పిల్లను ఒక్క ముక్క అడగలేదని గుర్తొచ్చింది. మధ్యాహ్నం బెల్లు కొట్టాక పిలిచాను. లోవా, నీకు నాలుగులో ఉండాలనుందా, ఐదులో ఉండాలనుందా అని అడిగాను. రెండు గోడలకేసీ మార్చి మార్చి చూసింది.

"ఎటుకేసి కూకుంటే రెండూ ఇనిపిస్తాయండి?" అంది.

ఇప్పుడు కూర్చున్న చోటేనే అన్నాను. "అయితే నాను ఇక్కడే కూకుంటానండి" అని వెళ్ళి, తన చోట, ఐదు వాళ్ళ వీపులకు ఆనుకుని కూర్చుంది. ఆ చోటు నాలుగుదో ఐదుదో నేను ఎన్నడూ గీత గీసి చూసుకోలేదు.

ప్రోగ్రెస్ కార్డు నా ఎదుటే ఉన్నది. పేరు వ్రాశాను, తండ్రి పేరు వ్రాశాను, మార్కులు వేశాను. తరగతి అన్న గడి ఖాళీగా వదిలాను. తమరు రాకపోతే శనివారం ఎల్లాజీ చేతికి ఇచ్చే ముందు ఆ గడిలో ఏదో ఒకటి నేనే వ్రాయాలి. నాలుగు వ్రాస్తానో, ఐదు వ్రాస్తానో నాకు ఇప్పటికీ తెలియడం లేదు.

మం.